మందుదా, జబ్బుదా, బోరు నీళ్ళదా

శనివారం. మే నెల ఎండలు.

నాలుగింటికే మెలకువ వచ్చేసింది. పేగుల్లో వాపు, పుళ్ళు తెచ్చే క్రోన్స్ జబ్బు నాది, దానికి స్టెరాయిడ్ మొదలయ్యాక నిద్ర సంగతి ఇంతే. ప్రెడ్నిసలోన్‌ని పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేసుకోమనేది అందుకే, సాయంత్రం వేసుకుంటే ఆ కాస్త కునుకూ దక్కదు. నిద్ర పోతే పోయింది, దాంతోపాటు ఈ ఆకలి. చీకట్లో ఫ్రిజ్ తీసి పెరుగన్నం కలుపుకుంటుంటే అత్తమ్మ లేచి వచ్చింది. "మల్ల ఆకలైతుందా బిడ్డా" అంటూ తనే ఇంకో గరిటెడు వేసింది. నిరుడు ఈ రోజుల్లో రెండు ముద్దలు తింటే కడుపు మెలిపెట్టి మంచానికి అడ్డం పడేదాన్ని. అది చూసిన మనిషి కాబట్టి, నేను తింటుంటే ఆమెకు పండగ. ఆకలి నాది కాదు, మాత్రది అని చెప్పి ఆ సంతోషం చెడగొట్టడమెందుకని ఊరుకున్నా.

ఏడింటికి వీధి చివర ల్యాబ్‌లో సీబీపీ, ఎల్‌ఎఫ్‌టీ: ఒకటి రక్తకణాల లెక్క, ఇంకోటి కాలేయం పరీక్ష. అజాథియోప్రిన్ మొదలుపెట్టిన కొత్తలో వారం వారం రక్తం ఇచ్చాను, ఇప్పుడు ఎడం పెంచారు. మన పేగుల మీదికే ఎగబడుతున్న మన రోగనిరోధక శక్తిని అణిచి ఉంచడం ఆ మాత్ర పని. అణిచే క్రమంలో ఎముకల్లో మూలుగ కూడా మందగించి తెల్లకణాలు పడిపోవచ్చు, కాలేయం మొరాయించవచ్చు. అసలు మొదలుపెట్టే ముందే ఎన్‌యూడీటీ15 అనే జన్యువుకి పరీక్ష చేయించారు. అందులో తేడా ఉన్నవాళ్ళకి మామూలు డోసే ప్రమాదం, ఆ తేడా ఆసియా వాళ్ళలో ఎక్కువ. నాది బాగానే ఉంది, అయినా సీబీపీ తప్పదు.

ఇంతా చేసి ఆ మాత్ర పూర్తిగా పనిలోకి దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా పేగుల్లో వాపుని ఆపి ఉంచేది స్టెరాయిడే. 40 మిల్లీగ్రాములతో మొదలై వారానికి 5 చొప్పున దిగుతూ ఇప్పుడు 15 దగ్గరున్నాను. విసుగొచ్చి ఒక్కసారే మానేద్దామంటే కుదరదు. ఇన్నాళ్ళూ బయటి నుంచి అందుతోంది కదా, ఒంట్లో కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటాయి. వాటిని మెల్లగా లేపాలి.

తిరిగొస్తుంటే మెట్ల మీద పై ఫ్లోర్ ఆంటీ. "మంచిగ ఒళ్ళు చేసినవమ్మా, ఇప్పుడు కళ వచ్చింది మొకానికి." బుగ్గలు ఉబ్బి మొహం గుండ్రంగా తయారైంది, ఆమెకది కళ. నాకు కోపం రాలేదు, విచిత్రంగా అనిపించింది. జబ్బు కడుపులో ఉంది, ఎవరికీ కనపడదు. కనపడేదంతా మందే: బుగ్గలు, మెడ వెనక కొవ్వు, గడ్డం మీద మొటిమలు. నిజంగా చిక్కి శల్యమైనప్పుడేమో "డైటింగా?" అని మెచ్చుకున్నారు.

ఇక జుట్టు. దువ్వెన పెడితే చాలు, గుప్పెడు చేతికొస్తోంది. అజాథియోప్రిన్‌తో రాలొచ్చు. జబ్బు బాగా తిరగబెట్టాక రెండు మూడు నెలలకి రాలడమూ మామూలే. ఐరన్ తక్కువైనా రాలుతుంది, నాకు తక్కువే. మా ఆడపడుచు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: "హైదరాబాద్ బోరు నీళ్ళు వదినా, నాకూ ఊడుతుంది." ఆమె ఏ మాత్రా వేసుకోదు, ఆమెకూ ఊడుతోంది. ఏమని వాదించను? నేను కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఎవరు కట్టారో తెలియని డబ్బు బ్యాంకులో పడితే సస్పెన్స్ ఖాతాలో వేసి తర్వాత తేలుస్తాం. నా ఒంట్లో సగం బాధలు ఆ ఖాతాలోనే ఉన్నాయి.

చున్నీ మొహానికి చుట్టుకుని ఆఫీసుకి బయల్దేరా. అజాథియోప్రిన్ మీద ఉన్నవాళ్ళ చర్మానికి ఎండ పడదు. నగరంలో ఆడపిల్లలంతా మేలో ఇట్లాగే చుట్టుకుంటారు కాబట్టి ఎవరూ ఎందుకని అడగరు, ఉబ్బిన బుగ్గలకి కూడా అదే పరదా. ఇంటి దగ్గర బస్సెక్కితే జీరో టికెట్. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ఉచితం, మా ఆఫీసు వాళ్ళంతా అందులోనే వస్తారు. నేనొక్కదాన్నే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, డబ్బులు పెట్టుకుని మరీ చుట్టూ తిరిగి అమీర్‌పేట చేరతాను. స్టేషన్‌లో టాయిలెట్ ఉంటుంది. ఖైరతాబాద్‌లో ట్రాఫిక్ మధ్య ఇరుక్కున్న బస్సులో ఉండదు. ఈ లెక్క అందరికీ విడమరిచి చెప్పలేక "ఏసీ కోసం" అంటాను.

మెట్రోలో కూర్చుంటే పాత మందులు గుర్తొచ్చాయి. నాకు మొదట పేగు టీబీ అనుకుని ఏటీటీ, అంటే టీబీ మందులు, ఇచ్చారు. తప్పు పట్టను. టీబీ, క్రోన్స్ రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే ఎక్కువగా పుళ్ళు చేస్తాయి, బయాప్సీలో కూడా ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేలా ఉంటాయి. ఈ దేశంలో ముందు టీబీ గుర్తుకు రావడం న్యాయమే. ఆ టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్నన్నాళ్ళూ మూత్రం నారింజ రంగులో పోయేది. ఎంత నిజాయితీ గల సైడ్ ఎఫెక్టో! రంగు చూస్తేనే ఎవరి పనో తెలిసిపోయేది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి అత్తమ్మ కొత్త ఆవకాయ కలిపేసింది, ఇల్లంతా ఆవపిండి ఘాటు. ముద్దపప్పులో పైన తేలిన నూనె ఒక చెంచా వేసుకున్నా, ముక్క ముట్టలేదు. నాకు పేగు ఒకచోట ఇరుకైంది. కారం కంటే పీచుతోనే భయం: మామిడి టెంక, జామ గింజలు, మొక్కజొన్న, పచ్చి క్యారెట్. కారం తిన్నందుకు క్రోన్స్ రాదు, వాపు ఉన్నప్పుడు కారం ఇంకా బాధపెడుతుంది, అంతే. న్యూయార్క్‌లో ముగ్గురు డాక్టర్లు ఈ జబ్బు గురించి రాసింది 1932లో. జన్యువులు, పేగుల్లో సూక్ష్మజీవులు, దారి తప్పిన రోగనిరోధక శక్తి అన్నీ కలిసి తెస్తాయంటారే గానీ, ఫలానాదని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. మా చుట్టాలకి మాత్రం తేలిపోయింది: పెళ్ళికి ముందు హాస్టల్లో తిన్న మిర్చీ బజ్జీలు.

సాయంత్రం నుంచి మోకాళ్ళు సలుపుతున్నాయి. స్టెరాయిడ్ దించుతుంటే కీళ్ళు నొప్పి చేస్తాయి. క్రోన్స్ కూడా కీళ్ళ మీదికి వస్తుంది. పొద్దున లిఫ్ట్ కోసం ఆగలేక మెట్రో మెట్లన్నీ ఎక్కాను, అదీ ఉంది. అత్తమ్మ సొరుగులో డైక్లోఫెనాక్ ఉంది, "ఒకటేసుకో, ఏం గాదు" అంది పాపం. ఆ జాతి నొప్పి మాత్రలు పేగుని మళ్ళీ రేపుతాయి, నాకు వద్దన్నారు. పారాసిటమాల్ వేసుకుని కాళ్ళ కింద దిండు పెట్టుకున్నా.

ఎనిమిదింటికి వాట్సాప్‌లో రిపోర్టు. తెల్లకణాలు 4,600. 4,000 కంటే తగ్గితే ఫోన్ చేయమన్నారు కాబట్టి ఫోన్ అక్కర్లేదు. లివర్ బాగుంది. సోమవారం నుంచి ప్రెడ్నిసలోన్ 10. నోట్‌బుక్‌లో మోకాళ్ళ నొప్పి రాసి, పక్కన కారణం గడి ఖాళీగా వదిలేశా. రేపు ఆడపడుచు వస్తోంది, దీనికి కూడా బోరు నీళ్ళే అంటుందేమో అడగాలి.