అద్దంలో అరబ్బీ: అల్‌హంబ్రా డ్రాయింగులతో నా తిప్పలు

షీట్లు నిన్న రాత్రే ఇచ్చేశాను. కళ్ళు ఇంకా మండుతున్నాయి.

అల్‌హంబ్రా అంటే స్పెయిన్‌లోని గ్రనాడాలో ముస్లిం రాజులు కట్టించిన పాత కోట. దాన్ని కొలిచి గీసుకోడానికి అనుమతి కాయితం కోసం మూడు వారాలు తిరిగాను. కాలేజీ లెటర్ తీసుకెళ్తే సీలు లేదన్నారు. సీలు వేయించుకెళ్తే సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడన్నారు. మన తాలూకా ఆఫీసుకీ దానికీ తేడా ఏసీ ఒక్కటే. టికెట్ మాత్రం ముందే కొనుక్కోండి. కోటలోపలి నస్రీద్ వంశపు రాజభవనాల్లోకి వెళ్ళే టైము దానిమీదే ఉంటుంది, అది దాటితే రానివ్వరు.

కొలతలు తేలిగ్గానే అయ్యాయి. సింహాల ప్రాంగణంలో 124 స్తంభాలు, లేజర్ మీటరుతో లాగించేశాను. తేనెపట్టులా వేల గూళ్ళున్న కప్పు చూసి భయపడ్డాను గానీ, ముక్కలు కొన్ని రకాలే, అవే తిరిగి తిరిగి వస్తాయి.

పరువు తీసింది గోడ గచ్చుమీద చెక్కిన అరబ్బీ అక్షరాల పట్టీ. 1834లో ఓవెన్ జోన్స్, జూల్ గూరీ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఇక్కడ గీసినప్పుడు గోడమీదే కాగితం అద్ది అచ్చులు తీసుకున్నారు. గూరీ ఆ ఏడాదే కలరాతో పోయాడు, జోన్స్ 1837లో మళ్ళీ వచ్చి పని ముగించాడు. ఇప్పుడు గోడ ముట్టనివ్వరు, ఫోటోయే గతి. ఆ ఫోటోలో ఆకులూ తీగలూ అటూ ఇటూ ఒకేలా కనబడ్డాయి. విజయవాడలో పదకొండేళ్ళు ప్లాన్లు గీసిన చెయ్యి కదా, సగం గీసి, మిగతా సగానికి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో మిర్రర్ కొట్టేశాను, అంటే అదే బొమ్మని అద్దంలోలా తిరగేసి పెట్టేశాను. ఐదు షీట్లు అలాగే. టైపు చేసిన టెక్స్ట్ అయితే సాఫ్ట్‌వేర్ తిరగేయకుండా ఉంచేది. నావి ఉత్త గీతలాయె.

రివ్యూలో, అందరి ముందూ, మొరాకో అమ్మాయి ఫక్కున నవ్వింది. "దేవుడు తప్ప విజేత లేడు" అని అక్కడ గోడగోడకీ ఉండే మాట నా షీట్ల మీద కుడివైపంతా తిరగబడి ఉందట. ఎవరో "అ ఆ"లు అద్దంలో చూసి రాసి తెచ్చిస్తే మనకెలా ఉంటుందో ఆ అమ్మాయికి అలా ఉంది. ప్రొఫెసర్ నవ్వలేదు, అదింకా ఘోరం. "ఇది చదువుకునే గోడ, వాల్‌పేపర్ కాదు," అన్నాడు.

తర్వాత ఆ అమ్మాయినే బతిమాలి, రోజూ సాయంత్రం కాఫీ నా లెక్కన, ఒక్కో అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించుకున్నాను. తొమ్మిది రాత్రులు పట్టింది. స్పెయిన్ ముస్లిం కట్టడాల తీరులో కట్టిన హైదరాబాద్ బేగంపేట స్పానిష్ మసీదు ముందునుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో, ఒక్కసారీ దిగి చూడలేదు. ఈసారి వెళ్ళినప్పుడు దిగుతాను, కాయితం పెన్సిలు పట్టుకుని.