అర్జీ టైపింగ్ ముప్పై, జిరాక్స్ రెండు

సోమవారం అంటే మా షాపుకి పండగే. గుంటూరు నగరంపాలెంలో కలెక్టరాఫీసుకి దగ్గర్లోనే ఉంటది మాది, ఒక జిరాక్స్ మెషీను, రెండు కంప్యూటర్లు, ఒక ల్యామినేషన్ మెషీను, పైన తాడుకి వేలాడదీసిన పెళ్లికార్డుల శాంపిల్స్, అంతే షాపు. సోమవారం గ్రీవెన్స్ గదా (మధ్యలో స్పందన అన్నారు, ఇప్పుడు ఇంకేదో పొడుగు పేరు, జనానికి మాత్రం ఎప్పుడూ గ్రీవెన్సే), పొద్దున ఎనిమిదిన్నరకే తెనాలి, పొన్నూరు, ప్రత్తిపాడు బస్సులు దిగి వచ్చేస్తారు. "గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా" అన్న లైను ఎన్ని వేలసార్లు కొట్టుంటానో నాకే తెలీదు, ఇప్పుడైతే ఫైలు చేసి డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నా, పేరు మార్చి మిగతాది కొట్టుకుంటూ పోవడమే. గట్టు తగాదా, ఆగిపోయిన పెన్షన్, రేషన్ కార్డులో ఎక్కని పేరు, తొంభై శాతం ఇవే. పిల్లల గురించి అర్జీలు రావు. ఎవరి కష్టం వాళ్లు రాయించుకుంటారు, పిల్లలు వచ్చి రాయించుకోలేరు గదా.

మా షాపుకి పిల్లల గురించి అర్జీ తెచ్చేది ఒకే ఒక్క మనిషి. పిల్లల కోసం నడిచే ఒక చిన్న సంస్థలో పనిచేస్తది, సంస్థ అంటే పెద్ద బోర్డు, ఏసీ రూమూ అనుకోకండి, డాబా మీద రెండు గదులు, ఐదారుగురు మనుషులు, ఒక పాత స్కూటీ. పేరు రాయొద్దంది ("రాశావంటే రేపు ఏ బళ్లోనూ నన్ను గుమ్మం ఎక్కనియ్యరు తమ్ముడూ") కాబట్టి అక్క అనే రాస్తున్నా.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె వస్తోందంటే నాకు విసుగు. మిగతావాళ్లు చెప్పింది కొట్టించుకుని పోతారు, ఈమె కొట్టిందంతా మళ్లీ చదివి, ఇక్కడ సెక్షన్ నంబరు పెట్టు, అక్కడ "దయతలచి" తీసెయ్ అంటది. నా ఫైల్లో "తమరు దయతలచి" అనేది రెడీమేడ్‌గా ఉంటది, అందరికీ అదే పోద్ది. ఈమె మాత్రం ప్రతిసారీ తీయిస్తది. "దయ ఎందుకు తమ్ముడూ, చట్టంలో ఉన్నదేగా అడుగుతున్నాం" అంటది. ఒక్క పదం తీయడానికి లైను మొత్తం జరిగి రెండో పేజీకి పోయి నాకు పేజీ సెట్టింగ్ మళ్లీ చేసుకునే పని.

ఆమె ఈ పని నేర్చుకున్నది బెజవాడ స్టేషన్లో అంట. ఇంట్లో కొట్టారని, పరీక్ష ఫెయిలయ్యాననీ, ఊరికే రైలు ఎక్కేసీ వచ్చే పిల్లలు అన్ని వైపుల నుంచి అక్కడే దిగుతారు, అంత పెద్ద జంక్షన్ గదా. బెజవాడలో ఈ పని ఇవాళ్టిది కాదు, వాసవ్య మహిళా మండలి 1969 నుంచి ఉంది, వీధి పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ 1989లో మొదలైంది. పిల్లాడు కనపడ్డాక 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి, ప్రయాణం టైము అందులో కలపరు. ఆ కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ పవర్లు. ఇదంతా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. నాకెట్టా తెలుసంటే, కొట్టీ కొట్టీ తెలిసింది. లా చదవని లాయర్లు ఎవరన్నా ఉన్నారంటే కలెక్టరాఫీసు చుట్టూ ఉండే మా జిరాక్స్ షాపులోళ్లే.

ఇక అసలు సంగతి. పోయినేడు ఫిబ్రవరి. మిరపకోతల టైము. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లల్లో కోతలకి కర్నూలు పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, ఆ వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు దిగుతాయి, మీకూ తెలుసుగా. లారీల్లో వచ్చి పొలాల పక్కన పట్టాలు కట్టుకుని ఉగాది దాటేదాకా ఉంటారు. కిలోకి ఇంత అని కూలి, అందుకని ఎన్ని చేతులుంటే అంత. చేతులంటే పిల్లల చేతులు కూడా.

అక్క ఒక తల్లినీ తొమ్మిదేళ్ల పిల్లాణ్ణీ తీసుకొచ్చింది. ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో కోతకి వచ్చారు. పిల్లాడు కోసిగి దగ్గర నాలుగో తరగతి చదువుతూ జనవరిలో ఆపేసి వచ్చాడు. తల్లి స్టూలు మీద కూడా కూర్చోలా, నిలబడే ఉంది. పిల్లాడికి నేను పాడైపోయిన ప్రింటు కాయితాలు ఇచ్చి వెనకవైపు బొమ్మలేసుకోమన్నా, కింద కూర్చుని వేస్తున్నాడు. ఒకటి గమనించా. కన్ను దురద పెట్టినప్పుడల్లా వాడు వేళ్లతో నులుముకోవట్లా, భుజం పైకెత్తి చొక్కాకి రుద్దుకుంటున్నాడు. ముక్కు కూడా అంతే, మోచేత్తో. మా అబ్బాయిదీ అదే వయసు, వాడు రెండు పిడికిళ్లతో కళ్లు నులుముకుంటాడు, వద్దురా అంటే వినడు. ఏంది వీడు ఇట్టా చేస్తున్నాడు అని అడిగితే ఆ తల్లి అంది, "చేతులకి మిరపకాయ ఘాటు ఉంటది కదన్నా, ఒకసారి కంట్లో పెట్టుకున్యాడు, ఇంగ పెట్టుకోడు" అని. ఆ రోజు వాడు కోతకి పోలేదంట, అయినా చెయ్యి కంటి దాకా పోవట్లా.

ఆ ఊళ్లో బడి ఉంది. గుడారాల నుంచి నడిచి పోయేంత దగ్గరే. మధ్యాహ్నం భోజనం ఉంది, కోడిగుడ్డు ఉంది. తల్లి అడిగింది కూడా, బళ్లో కూర్చోబెట్టమని. టీసీ తెమ్మన్నారంట. టీసీ కోసిగి దగ్గర, దాని కోసం పోయి రావాలంటే మూడు రోజుల కూలి పోద్ది, ఛార్జీలు వేరే. ఆధార్ ఊళ్లో పెట్టెలో ఉందంట. పైగా రెండు నెలల్లో పోయేవాడికి అడ్మిషన్ దేనికి అన్నారంట.

నేను కూడా అదే అన్నా. "రెండు నెలల కోసం ఎందుకక్కా ఇంత" అని. అక్క నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "మీవాడు రెండు నెలలు బడి మానేస్తే ఊరుకుంటావా?" అంది. ఇంకేం మాట్లాడతా, టైప్ చేశా.

విద్యాహక్కు చట్టం 2009ది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 5, టీసీ ఆలస్యం అయిందని అడ్మిషన్ ఆపకూడదు, వద్దనకూడదు. పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి, లేటు చేస్తే ఆయన మీదే చర్య. సెక్షన్ 14, వయసు రుజువు లేదని కూడా వెనక్కి పంపకూడదు. ఆధార్ సంగతైతే 2018లో సుప్రీంకోర్టే చెప్పింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల అడ్మిషన్‌కి తప్పనిసరి కాదని. అన్నీ పెట్టి ఒకటిన్నర పేజీ కొట్టా. నేననుకున్నా ఇక కలెక్టర్ దగ్గరికి లైన్లో నిలబడతారని. అక్క నాలుగు జిరాక్సులు తీయించుకుని, కలెక్టరాఫీసు వైపు కూడా చూడకుండా వాళ్లని తీసుకుని ప్రత్తిపాడు బస్సెక్కింది.

తర్వాత తెలిసింది ఏం చేసిందో. నేరుగా బడికి పోయింది. హెడ్మాస్టరు గారితో గొడవ పడలా, సెక్షన్లు చదవలా. "సరే సార్, చేర్చుకోవట్లేదు అని ఒక ముక్క రాసి సంతకం పెట్టి ఇవ్వండి, అర్జీకి జత చేసుకుంటా" అంది, నేను కొట్టిన కాయితం బల్ల మీద పెట్టింది. అంతే. ఆ "రాసివ్వండి" అన్న మాటకి ఉన్న పవర్ నేను ఈ సెంటర్లో ఇన్నేళ్ల నుంచి చూస్తున్నా, నోటితో కాదన్న మాట కాయితం మీద కాదనడానికి ఎవరికీ చెయ్యి రాదు. పావుగంట తర్వాత పిల్లాడు నాలుగో తరగతిలో కూర్చున్నాడు.

ఆ సారుని నేను విలన్ అనుకోవట్లేదు, ఆయన బాధ ఆయనది, ఆన్‌లైన్లో పేరు ఎక్కించాలి, ఎక్కించినవాడు ఏప్రిల్లో మాయమైతే డ్రాపౌట్ కింద ఆయన ఖాతాలో పడిద్ది, మీటింగులో ఆయన్నే నిలబెడతారు. కానీ ఆ లెక్కలో పిల్లాడు మిరప చేలో ఉండిపోయాడా లేదా. శాంతా సిన్హా గారు, ఎంవీ ఫౌండేషన్ పెట్టి తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి చైర్‌పర్సన్ అయ్యారు చూడండి, ఆవిడ మొదట్నుంచీ పట్టుకున్న మాట ఒకటుంది, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికుల కిందే లెక్క అని. బాలకార్మిక చట్టం మాత్రం అంత దూరం రాలా. 2016లో మార్చినప్పుడు పద్నాలుగేళ్లలోపు వాళ్లని ఏ పనిలోనూ పెట్టకూడదంటూనే, బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చని ఒక సందు వదిలారు. కూలికి పోయిన వేరేవాళ్ల పొలం సొంత పని కిందకి రాదు, కానీ అమ్మానాన్న పక్కనే వంగి కాయ కోస్తుంటే ఆపేదెవరు, చేలోకి పోయి చూసేదెవరు? కర్నూలు వైపు ఇట్టా వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, అక్కడే ఉండి చదువుకోవచ్చు, కానీ తల్లి అంది, "చిన్నోన్ని వదిలిపెట్టి రానీకి మనసు రాలేదన్నా." అదీ కాదనలేం.

ఇప్పుడు నా సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగా.

మా షాపులో పెళ్లికార్డులు కూడా కొడతామని చెప్పాగా. మూడేళ్ల కిందట ఒకాయన కార్డు కొట్టించుకున్నాడు, మూడొందల కార్డులు, బంగారు రంగు వినాయకుడు, మంచి ఆర్డరు. ఆ పెళ్లికూతురు అంతకుముందు జూన్‌లో ఇంటర్ అడ్మిషన్ కోసం నా దగ్గరే టెన్త్ మార్కుల మెమో జిరాక్స్ తీయించుకుంది. నా మెషీన్ మీదే. మెమో మీద పుట్టిన తేదీ ఉంటది, అక్షరాల్లో కూడా రాసి ఉంటది. కార్డు ప్రూఫ్ చూపించేటప్పుడు ఆ పేరు ఎక్కడో చూశాననిపించింది, ఇంటిపేరుతో సహా, కానీ ఆలోచించలా, ఆలోచించాలనుకోలా అంటే కరెక్టు. చి॥ల॥సౌ॥ అని నేనే కొట్టా. పదహారు నిండి నాలుగు నెలలు ఆ పిల్లకి.

ఏడాది తర్వాత మాటల్లో అక్కకి చెప్పా. తిట్టిద్దనుకున్నా. తిట్టలా. "కార్డు నీ దగ్గరకి వచ్చేసరికి ముహూర్తానికి ఎన్ని రోజులుంది?" అని అడిగింది. ఇరవై రోజులు. "ఇరవై రోజులు చాలు తమ్ముడూ" అంది, అంతే. సచివాలయంలో మహిళా పోలీసుకి చెప్పినా చాలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టినా చాలు, చెప్పినోళ్ల పేరు బయటికి రాదు. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు పెళ్లి ఆపమని ముందే ఆర్డరు ఇవ్వొచ్చు. అక్క వాళ్లయితే ముందు ఇంటికి పోయి కూర్చుంటారంట, పోలీసుల్ని తీసుకుని కాదు, డ్వాక్రా గ్రూపు లీడర్నీ అంగన్‌వాడీ టీచర్నీ తీసుకుని, ఎందుకంటే ఆ తల్లి మాట్లాడేది వాళ్లతోనే. చాలాసార్లు అక్కడే ఆగిపోద్దంట. ఆగకపోతే అప్పుడు మిగతావి.

అప్పట్నుంచి పెళ్లికార్డుకి వస్తే ఇద్దరి ఆధార్ కాపీ అడుగుతున్నా. "కార్డుకి ఆధార్ ఏందయ్యా, మేమేమన్నా సిమ్ము కొంటున్నామా" అని వెక్కిరించి పక్క షాపుకి పోయినోళ్లు ఉన్నారు. ఇద్దరి విషయంలో అక్కకి ఫోన్ చేశా. ఒకటి ఆగింది. రెండోది ఏమైందో ఆమె చెప్పలా, నేను అడగలా.

1098 గురించి ఒక మాట. 1996లో బొంబాయిలో మొదలైంది ఆ నంబరు, మొదట్నుంచీ సంస్థలే నడిపేవి, 2023లో ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. నంబరు అదే, ఫ్రీనే. గుర్తుండాలంటే పది, తొమ్మిది, ఎనిమిది.

ఇంకోటి, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నాన్న చనిపోయిన పిల్లలకి, ఇంకా కొన్ని కష్టాల్లో ఉన్న పిల్లలకి నెలకి 4,000 ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది. దాని సంగతి వాట్సాప్‌లో తిరిగిన వారం మా షాపు ముందు క్యూ. డెత్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు బుక్కు, అన్నీ జిరాక్సులే, నాకు మంచి గిరాకీ. అప్పుడే ఒకడు చెట్టు కింద కుర్చీ వేసుకుని ఆ ఫారం ఐదొందలకి అమ్మాడు. ఫారం ఫ్రీ. అక్క వచ్చి క్యూలో ఒక్కొక్కళ్లకీ చెప్పుకుంటూ పోయింది, ఎవరికి వచ్చిద్ది ఎవరికి రాదు, పల్లెల్లో ఏడాదికి 72,000, టౌన్లో 96,000 దాటితే రాదని. సగం మంది లైన్లోంచి వెళ్లిపోయారు, నా గిరాకీ పోయింది, చెట్టు కిందోడిదీ పోయింది. ఆ రోజు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

దీనికి పూర్తి ఉల్టా ఇంకో రకం ఉంది, వాళ్ల ఫ్లెక్సీలు కూడా మేమే డిజైన్ చేస్తాం. బాలల దినోత్సవానికి ఇరవై నోటు పుస్తకాలు పంచుతారు, ఫ్లెక్సీ మీద పాతిక మంది ఫోటోలు, పుస్తకం పట్టుకున్న పిల్లాడు ఎక్కడో మూల. డబ్బులు మాత్రం టైముకి ఇస్తారు, అబద్ధం ఎందుకు.

ఆ కోసిగి పిల్లాడు ఉగాది అయ్యాక కూడా పది రోజులు ఉన్నాడు. పోయే ముందు తల్లి, అక్క మళ్లీ వచ్చారు. ఈసారి ఆ తల్లి స్టూలు మీద కూర్చుంది. ఇక్కడి బడివాళ్లు ఇన్ని రోజులు వచ్చాడని హాజరు రాసి, స్టాంపు వేసి కాయితం ఇచ్చారు, ఊళ్లో బళ్లో చూపిస్తే నాలుగులోంచి ఐదుకి పంపడానికి పనికొచ్చిద్ది. దాన్ని ల్యామినేషన్ చేయమంది. చేయకూడదమ్మా, రేపు వాళ్లు దాని మీద సంతకం పెట్టాలన్నా స్టాంపు వేయాలన్నా కుదరదు అని చెప్పి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నాలుగు జిరాక్సులు తీశా. పిల్లాడు కౌంటర్ అద్దం మీద వేలితో ఏదో రాస్తున్నాడు. కన్ను దురద పెట్టినట్టుంది, వేలు కంటి దాకా తీసుకుపోయి, ఆగి, మళ్లీ భుజానికే రుద్దుకున్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి పది నోటు తీసింది. వద్దులేమ్మా అన్నా. అక్క వెంటనే అందుకుంది, "తీసుకో తమ్ముడూ, ఆమె అడుక్కోడానికి రాలా." ఎనిమిది అయింది. నా దగ్గర రెండు రూపాయల చిల్లర లేదు, చాక్లెట్ ఇవ్వబోయి ఆగిపోయి, పక్కన టీ కొట్లో మార్చుకొచ్చి ఇచ్చా.