సాక్షి అబద్ధాలకోరు కానక్కరలేదు

డబ్బు మోసం కేసుల్లో నిందితుల తరఫున దిగే కుర్ర వకీళ్లకు ఒక ఆత్రం ఉంటుంది. సాక్షిని పిలిపించిన పక్షమే చేసే తొలి విచారణ, అంటే చీఫ్, ముగిసీ ముగియగానే గొంతు పెంచి, “మీరు అబద్ధం చెబుతున్నారు” అంటారు. సాక్షి కాదంటాడు. “నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాను అనడం నిజం కాదు” అని రికార్డులో ఒక వాక్యం పడుతుంది. అది పడకపోతే వెనుక బెంచీలోని క్లయింటు నొచ్చుకుంటాడు, నిజమే. కానీ దానివల్ల సాక్షికి పోయేదేమీ లేదు.

ఈ కేసుల్లో చాలామంది సాక్షులు అబద్ధం చెప్పరు. తెలియనిది తెలిసినట్టు చెబుతారు. బ్యాంకు మేనేజరునే తీసుకోండి. ఆయన దాఖలు చేసిన ఖాతా నకలు చట్టప్రకారం చెల్లుతుంది, దానితో తగువు పెట్టుకోవడం దండగ. కానీ కౌంటరు దగ్గరికి డబ్బు తెచ్చింది నిందితుడే అని ఆయన అన్నప్పుడు, “ఆ శాఖలో మీరు ఎప్పుడు చేరారు?” అని మర్యాదగా అడిగితే చాలు. చేరిన తేదీ ఆ తర్వాతదైతే ఆ మాట అక్కడే రాలిపోతుంది, ఆయన పరువూ పోదు.

ఒక చిట్టీల కేసులో డిపాజిటరు ఒకాయన, సొమ్ము డైరెక్టరు చేతికే ఇచ్చానని చీఫ్‌లో చెప్పారు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న 161 వాంగ్మూలంలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 161వ సెక్షన్ కిందిది) ఏజెంటుకు ఇచ్చానని ఉంది. మా జూనియర్ ఎగిరి గంతేయబోతుంటే కోటు పట్టి ఆపాను. ముందు, “ఏజెంటుకు ఇచ్చానని పోలీసులకు చెప్పారా?” అని అడగాలి. చెప్పలేదన్నారు. అప్పుడు ఆ భాగం చదివి వినిపించి, కోర్టు రికార్డులో గుర్తు వేయించాలి, అంటే మార్కు చేయించాలి. పాత సాక్ష్య చట్టంలో 145వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 148వ సెక్షన్ కోరేది అదే. ఇది సగం పని. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, “ఈ సాక్షి మీకు ఇలా చెప్పాడా?” అని అడిగి అవుననిపించాలి. ఈ రెండో సగమే చాలామంది మరచిపోతారు. ఆ అధికారి బదిలీ అయి, ఎప్పటికో వచ్చేసరికి ఫైలు ఎవరూ తిరగేయరు. ఆ తర్వాత వాదనల్లో ఎంత అరిచినా వైరుధ్యం రుజువు కానట్టే.

అసలు కష్టం అప్రూవరుతో, అంటే క్షమాభిక్ష పొంది ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పే సహనేరస్థుడితో. అలాంటి సాక్షికి ఉదాహరణగా అమెరికాలో టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ లెక్కల మోసం కేసు చూడండి. 2005 విచారణలో కంపెనీ అధినేత బెర్నార్డ్ ఎబర్స్‌కు వ్యతిరేకంగా ఆర్థిక వ్యవహారాల అధికారి స్కాట్ సలివాన్ సాక్ష్యం చెప్పాడు. నేరం ఒప్పుకుని ప్రాసిక్యూషన్ వైపు వచ్చినవాడు. డిఫెన్స్ అతని మాదకద్రవ్యాల అలవాటునూ, వివాహేతర సంబంధాలనూ బయటికి లాగింది. అయినా జ్యూరీ అతని కథనే నమ్మింది. ఎబర్స్‌కు 25 ఏళ్లు, సలివాన్‌కు 5 ఏళ్లు పడ్డాయి.

మన దగ్గర జ్యూరీ లేదు. జడ్జిగారు కారణాలు రాయాలి, సహనేరస్థుడి మాటకు బలపరిచే ఆధారం వెతకాలి. హైదరాబాదులో 2015లో తీర్పు వచ్చిన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం కేసులో 226 మంది సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు. అంత కాగితం ముందు ఒకరి నడవడి ఎత్తిచూపితే ఏమవుతుంది? అప్రూవరు నాకు దొరికితే ఆయన ఇంటి గొడవల జోలికి పోను. క్షమాభిక్ష షరతులు, మెజిస్ట్రేటు దగ్గర చెప్పింది, ఇప్పుడు చెబుతున్నది వరుసగా బల్లమీద పెట్టుకుని, తేదీలు అడుగుతూ కూర్చుంటాను.