గోదావరి హౌస్ పిల్ల

మా అమ్మాయిని గుంటూరు దగ్గర రెసిడెన్షియల్ స్కూల్లో ఏడో తరగతిలో చేర్పించినప్పుడు తనని గోదావరి హౌస్‌లో వేశారు. అన్ని క్లాసుల పిల్లల్నీ కలిపి, పాయింట్ల కోసం పోటీపడేలా చేసే జట్లే ఈ హౌస్‌లు. కృష్ణ, గోదావరి, పెన్న, తుంగభద్ర అని నాలుగు హౌస్‌లు, నాలుగు రంగులు. బ్రాడీపేటలో ఉండే మా అత్తయ్యకి ఆ సంగతి మింగుడుపడలేదు. "కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. మన పిల్లని తీసుకెళ్ళి గోదావరిలో వెయ్యడమేంటమ్మా?" అంది.

నా దిగులు వేరు. మేం దోహాలో ఉంటాం. పాప అక్కడే పెరిగింది. ఏ ఊరు మీదని ఎవరైనా అడిగితే నా మొహం చూసేది. నేను గుంటూరు అంటే తనూ గుంటూరు అనేది. తీరా సెలవులకి ఇక్కడికొస్తే చుట్టాల పిల్లలు "దోహా అమ్మాయి వచ్చింది" అనేవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడాం, ఏ పండగా మానలేదు, ఊరి కబుర్లు చెప్పీ చెప్పీ నేను అలిసిపోయాను. అయినా తనకి ఊరంటే జూలైలో నెల రోజులుండి వచ్చే చోటు, అంతే. పంపాలా వద్దా అని రెండేళ్ళు మథనపడి చివరికి పంపాం.

అదే స్కూల్లో దోహా నుంచే వచ్చిన ఇంకో అమ్మాయి కృష్ణ హౌస్‌లో ఉందని తెలిసి, మా పిల్లనీ అందులోకి మార్చమని అడిగాను. కుదరదన్నారు. ఇంత చిన్న సాయం కూడా చెయ్యరా అని చాలా బాధపడ్డాను. మా ఆయన మాత్రం "మార్చొద్దు, ఉండనీ" అన్నారు.

ఆయన మద్దిరాల నవోదయలో, అంటే కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూల్లో చదివారు. దేశంలో ఏ నవోదయకి వెళ్ళినా హౌస్‌లకి అవే పేర్లు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. తొమ్మిదో తరగతిలో కొంతమందిని మైగ్రేషన్ అని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకి పంపుతారు. అలా ఈయనా వెళ్ళారు. భాష రాదు, రొట్టె గొంతు దిగదు, ఎముకలు కొరికే చలి. కానీ ఇక్కడ నీలగిరిలో ఉన్న మనిషిని అక్కడా నీలగిరిలోనే వేశారట. మొదటి రోజు సాయంత్రమే వాలీబాల్‌కి ఒకడు తక్కువైతే "ఏ నీలగిరీ, ఆజా" అని కేకేశారట. ఆయన పేరు అక్కడ ఇంకా ఎవరికీ తెలియదు. నలభై దాటాక కూడా ఆ కేక గురించి చెబుతుంటే ఈయన గొంతు మారుతుంది.

ఆదివారం 15 నిమిషాలు వార్డెన్ ఫోన్‌లో మాట్లాడనిచ్చేవాళ్ళు. మొదటి నెలంతా ఏడుపే. ఆగస్టులో ఒక ఆదివారం ఏడుపు ఇంకా ఎక్కువైంది. శనివారం రూములు చూడ్డానికొచ్చినప్పుడు తన మంచం మీద తడి టవల్ ఉందట. గోదావరికి 5 పాయింట్లు కట్. "నా వల్ల మా హౌస్ థర్డ్‌కి పోయిందమ్మా" అని వెక్కిళ్ళు. పన్నెండేళ్ళ పిల్లకి ఇంత టెన్షన్ పెడతారా అని నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఒక విషయం తట్టింది. మా ఇంట్లో తను దుప్పటి మడవకపోతే నేను మడిచేదాన్ని. తను చేసినా చెయ్యకపోయినా ఎవరికీ ఏ తేడా వచ్చేది కాదు. ఇరవై మంది నష్టపోయేంత లెక్కలోకి తను రావడం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారం ఫోన్లో ఏడుపు లేదు. తొమ్మిదో తరగతి అక్క ఒకమ్మాయి పక్కన నిలబడి, దుప్పటి నాలుగు మూలలూ పరుపు కిందకి దోపి ముడత లేకుండా ఎలా లాగాలో చూపించిందట. ఆ లాగడం గురించే పది నిమిషాలు చెప్పింది.

హౌస్ అసలు కిటుకు అక్కడే ఉందనిపిస్తుంది నాకు. క్లాసులో అందరూ ఒకే ఈడు, మార్కుల పోటీ. హౌస్‌లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా కలిసి ఉంటారు కాబట్టి పెద్దదానికి చిన్నదాన్ని చూసుకోక తప్పదు. ఈ పద్ధతి పుట్టిన ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్ళలో హౌస్ అంటే నిజంగా ఇల్లే. పిల్లలు పడుకునేది, పెరిగేది ఆ కట్టడంలోనే. మన డే స్కూళ్ళకి వచ్చేసరికి అది స్పోర్ట్స్ డే టీషర్టు రంగుగా మిగిలింది. అందుకే నేను మొదట దాన్ని ఖాతరు చెయ్యలేదు.

డిసెంబరులో చూడ్డానికి వెళ్ళాను. బ్రాడీపేటలో అత్తయ్యా నేనూ కూర్చుని మినుములు వేయించి, 25 సున్నుండలు చుట్టాం. రోజుకొకటి తిన్నా సంక్రాంతి సెలవుల దాకా వస్తాయని నా లెక్క. విజిటర్స్ షెడ్డులో డబ్బా చేతికివ్వగానే మూత తీసి, వేలితో లెక్కపెట్టి, "మేం 22 మందిమి. మిగతా మూడు వార్డెన్ గారికీ ఆయమ్మలకీ సరిపోతాయి" అంటూ లోపలికి పరిగెత్తింది. తను తినేది ఒక్కటే. నిజం చెప్పాలంటే చివుక్కుమంది. పదిహేను వందల మైళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చింది ఆ ఒక్క పిల్ల కోసం కదా.

సంక్రాంతికి నానమ్మ దగ్గరికి వచ్చినప్పుడు మాటకి ముందు "మా హౌస్‌లో అయితే" అనేదట. అత్తయ్యకీ అలవాటైపోయింది. "మీ గోదావరి ఇప్పుడు ఎన్నో ప్లేసే?" అని ఆవిడే అడుగుతోంది.

ఈ జూన్‌లో స్కూలు తెరిచిన రోజు నేనే దింపాను. పసుపుపచ్చ టీషర్టు వేసుకుని కారు దిగింది. గేటు దగ్గర ఒక చిన్న పిల్ల పెట్టె పక్కన పెట్టుకుని వాళ్ళమ్మ చున్నీ వదలకుండా ఏడుస్తోంది. మా అమ్మాయి నాతో నడుస్తున్నదల్లా సగంలో ఆగిపోయి అటు వెళ్ళింది. ఆ పిల్ల బకెట్ తన చేతిలోకి తీసుకుని ఏదో అడిగింది. తర్వాత వెనక్కి తిరిగి, అక్కడి నుంచే గట్టిగా అరిచింది.

"అమ్మా, ఈసారి 26 మందిమి. సున్నుండలు గుర్తుపెట్టుకో."