ఓఆర్ఎం సర్టిఫికేషన్: జాయిన్లు, ఫీల్డ్ యాక్సెస్‌పై నా ప్రిపరేషన్

జావా ఆబ్జెక్టులను డేటాబేస్ పట్టికలతో ముడిపెట్టే పద్ధతే ఓఆర్ఎం, దానికి జావా ప్రమాణం జావా పెర్సిస్టెన్స్ (జేపీఏ). దాని సర్టిఫికేషన్ ఫలితాలు వచ్చాయి, ఉత్తీర్ణుడినయ్యాను. ఏ అధ్యాయానికి ఎక్కువ సమయం ఇవ్వాలని తోటి అభ్యర్థులు చాలామంది అడుగుతున్నారు కనుక, నాకు మార్కులు తెచ్చిపెట్టిన జాయిన్లు (రెండు పట్టికలను ఒకే క్వెరీలో కలపడం), ఫీల్డ్ యాక్సెస్ (ఆబ్జెక్టు విలువలను నేరుగా ఫీల్డుల ద్వారా చదవడం, రాయడం) గురించే రాస్తున్నాను. ఎంటిటీ (డేటాబేస్ పట్టికకు ముడిపెట్టిన జావా క్లాసు) జీవితచక్రం, లాకింగ్ వంటివి నోట్సు ఒకసారి తిరగేస్తే సరిపోతాయి.

మెనీ-టు-వన్, వన్-టు-వన్ సంబంధాలకు డిఫాల్ట్ ఈగర్ (వెంటనే లోడ్ చేయడం) అనీ, మిగిలిన వన్-టు-మెనీ, మెనీ-టు-మెనీలకు లేజీ (అవసరమైనప్పుడే లోడ్ చేయడం) అనీ అందరికీ కంఠతా వచ్చు. అయితే ఈగర్ అంటే ఎప్పుడూ జాయినే అనుకునేవారు బోల్తాపడేది ఇక్కడే. ఆర్డరు, కస్టమరు అనే రెండు ఎంటిటీలతో చిన్న ప్రాజెక్టు పెట్టుకుని, హైబర్నేట్ అనే ఓఆర్ఎం లైబ్రరీలో, నడిచే క్వెరీలను లాగ్‌లో చూపే షో ఎస్‌క్యూఎల్ ఆన్ చేసి, లాగ్‌లోని ప్రతి క్వెరీనీ చదవడం మొదలుపెట్టాకే నాకు ఈ అధ్యాయం వంటబట్టింది. ఫైండ్ మెథడ్‌తో ఒక ఆర్డరును తెస్తే, కస్టమరు వివరాలు లెఫ్ట్ ఔటర్ జాయిన్‌తో (కస్టమరు లేకున్నా ఆర్డరును ఉంచేది) అదే క్వెరీలో వచ్చాయి. కస్టమరు తప్పనిసరి అని చెప్పేలా మ్యాపింగులో ఆప్షనల్‌ను ఫాల్స్ చేయగానే అది ఇన్నర్ జాయిన్ (జత ఉన్నవే తెచ్చేది) అయింది. మ్యాపింగును ముట్టుకోకుండా, జేపీఏ క్వెరీ భాష అయిన జేపీక్యూఎల్‌లో ఆర్డర్లన్నీ అడిగినప్పుడు మాత్రం ఆర్డర్లకు ఒక క్వెరీ, ఆ వెనుకే ఒక్కో కస్టమరుకు ఒక్కో క్వెరీ వరుస కట్టాయి. వంద ఆర్డర్లు వంద మందివైతే మొత్తం 101. ఉత్త జాయిన్ రాస్తే అది వడపోతకే పనికొస్తుంది, ఆ కస్టమరును కూడా లోడ్ చేయాలంటే జాయిన్ ఫెచ్ రాయాలి. కలెక్షన్‌పై జాయిన్ ఫెచ్ పెట్టి పేజినేషన్ (పేజీకి కొన్ని వరుసలే తేవడం) కూడా అడిగితే హైబర్నేట్ వరుసలన్నీ తెచ్చుకుని మెమరీలో కత్తిరిస్తుంది, లాగ్‌లో ఒక హెచ్చరిక మాత్రం రాస్తుంది.

ఫీల్డ్ యాక్సెస్ విషయంలో చాలా పుస్తకాలు రెండు వాక్యాలతో సరిపెడతాయి, అది అన్యాయం. ఐడి అనొటేషన్ (ప్రైమరీ కీ ఏదో చెప్పే గుర్తు) ఫీల్డుపై ఉంటే ఆ ఎంటిటీ అంతటికీ ఫీల్డ్ యాక్సెస్, గెట్టర్‌పై (విలువను ఇచ్చే మెథడ్) ఉంటే, గెట్టర్, సెట్టర్‌ల ద్వారా నడిచే ప్రాపర్టీ యాక్సెస్ వర్తిస్తుంది. ఐడి ఫీల్డుపై ఉంచి కాలమ్ అనొటేషన్‌ను గెట్టర్‌పై రాస్తే ఎర్రర్ ఏదీ రాదు, హైబర్నేట్ దాన్ని పట్టించుకోకుండా డిఫాల్ట్ కాలమ్ పేరుతో ముందుకు పోతుంది. ఒక్క లక్షణాన్ని మాత్రం గెట్టర్ ద్వారా నడపాలంటే 2009 నాటి జేపీఏ 2.0లో వచ్చిన యాక్సెస్ అనొటేషన్‌ను క్లాసుపై ఫీల్డ్ అనీ, ఆ గెట్టర్‌పై ప్రాపర్టీ అనీ పెట్టి, సంబంధిత ఫీల్డును ట్రాన్సియెంట్ (డేటాబేస్‌కు ముడిపెట్టనిది) చేయాలి. మూడింటిలో ఒకటి తప్పించిన ఆప్షన్లే ప్రశ్నల్లో ఎరగా ఉంటాయి. నా మొగ్గు ఫీల్డ్ యాక్సెస్ వైపే, ఎందుకంటే ప్రాపర్టీ యాక్సెస్‌లో సెట్టర్‌లో (విలువను పెట్టే మెథడ్) రాసుకున్న తనిఖీలు డేటాబేస్ నుంచి లోడ్ అయ్యేటప్పుడూ నడిచి చికాకు పెడతాయి.

మాక్ టెస్టులు తక్కువ రాశానని కొందరు మిత్రులు అన్నారు. అది నిర్లక్ష్యం కాదు, ఆ సమయమంతా లాగ్‌కే ఇచ్చాను. జవాబు బట్టీ పట్టినవారికి ప్రశ్నలో ఒక్క పదం మారినా కాళ్లు తడబడతాయి, క్రమం తప్పకుండా రోజూ క్వెరీలు చదివేవారికి ఆ బెడద ఉండదు.

పాత మెటీరియల్ వాడేవారు ఒకటి గమనించండి: 2020లో వచ్చిన జకార్తా పెర్సిస్టెన్స్ 3.0తో ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. జాయిన్ ఫెచ్‌లో నకళ్లు పోవడానికి డిస్టింక్ట్ తప్పనిసరి అన్న సలహా హైబర్నేట్ 6కు వర్తించదు.