ఓడినవాళ్లు మళ్లీ రావాలి

క్విజ్ ప్రశ్నలు రాసేవాళ్లకి ఒక దురద ఉంటుంది. ఎదుటివాళ్లకి తెలియనిదే ఏరి మరీ అడగాలని. నాకైతే అది కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఏవీ దాన్ని తగ్గించలేదు. అలాంటి నా దగ్గరికి మా వీధి చివరి చర్చిలో, పేదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సొసైటీని చూసుకునే మాస్టారు వచ్చారు. నిధుల కోసం ట్రివియా నైట్, అంటే టేబుళ్లవారీగా ఆడే క్విజ్ పోటీ పెడుతున్నామని, ప్రశ్నలు నేనే రాయాలని, మైకు ముందు కూడా నేనే నిలబడాలని అడిగారు. నాది ఆ చర్చి కాదు, ఆ మతమూ కాదు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. సాయం కోసం వచ్చినవాళ్లనీ ఆ మాట అడగరని నాకు ముందే తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

సంతోషంగా ఒప్పుకుని, వారం తిరక్కుండా నాకు నచ్చిన ప్రశ్నల చిట్టా పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు. "బాగున్నాయమ్మా. కానీ ఇది ఐఏఎస్ పరీక్ష కాదు. మనకి ఓడినవాళ్లు కూడా వచ్చే ఏడు మళ్లీ రావాలి" అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం చిట్టా ఎగిరిపోయింది.

ఉదాహరణకి, ట్రివియల్ పర్స్యూట్ అనే బోర్డు ఆట ఏ నగరంలో పుట్టింది? జవాబు మాంట్రియల్, 1979లో. ఇది నాకెంతో ఇష్టమైన ప్రశ్న. కానీ ఎనిమిది మంది కూర్చున్న టేబుల్ దగ్గర ఇది చచ్చు ప్రశ్న. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. ఆలోచించడానికీ, వాదించుకోవడానికీ ఏమీ లేదు. ఎవరికీ తెలియకపోతే ఎనిమిది మందీ పైకప్పు చూస్తూ కూర్చుంటారు. దాని బదులు ఇది అడిగాను: పూర్తిగా ఒకే ఒక్క దేశం మధ్యలో ఇరుక్కుపోయిన దేశాలు ప్రపంచంలో మూడున్నాయి, అవేవి? దీనికి మొదటి జవాబు దాదాపు అందరికీ తడుతుంది, చర్చి హాల్లో అయితే మరీను. మిగతా రెండింటి కోసం కొట్టుకోవాలి. కొట్టుకోవడమే మనకి కావలసింది.

ఇక్కడొక పిట్టకథ చెప్పాలి. మన దేశంలో అందరూ పాల్గొనగలిగే మొదటి క్విజ్ జరిగింది కూడా ఒక చర్చి హాల్లోనే. 1967లో కలకత్తాలో, క్రైస్ట్ ది కింగ్ చర్చిలో, నీల్ ఓబ్రయన్ గారు నిర్వహించారు. క్విజ్ మనుషులకి ఇది పుణ్యక్షేత్రం లాంటి సమాచారం. మాస్టారికి చెబితే "అయితే మనది సంప్రదాయమేనన్నమాట" అని నవ్వారు.

ఈ సొసైటీ పుట్టుక కథ నాకు ఆ పని మొదలుపెట్టాకే తెలిసింది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు, సోర్బోన్‌లో చదువుకుంటూ స్నేహితులతో కలిసి ఒక చర్చా వేదిక నడిపేవాడు. చరిత్ర, మతం, తత్వం, అన్నీ వాదించేవాళ్లు. ఒకరోజు అవతలి పక్షంవాడు ఒకడు లేచి, మీ మతం ఒకప్పుడు ఏవో గొప్ప పనులు చేసిందంటున్నారు సరే, ఇవాళ పేదవాళ్ల కోసం మీరేం చేస్తున్నారని నిలదీశాడు. వీళ్ల దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. వాదనలో ఓడిన కోపంతో మరో వాదన తయారుచేసుకోవచ్చు, నేనైతే అదే చేసేదాన్ని. వాళ్లు మాత్రం ముఫ్తార్ పేటలో పేదల మధ్య పనిచేసే రోజలీ రెండ్యూ అనే సిస్టర్ దగ్గరికి వెళ్లి, ఎలా మొదలుపెట్టాలో నేర్పమన్నారు. ఆవిడ వాళ్లని పేదల ఇళ్లకి పంపింది. రెండు వందల ఏళ్లు కావస్తున్నా పద్ధతి అదే. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఇంట్లో కూర్చుని మాట్లాడాలి, విన్నది బయట చెప్పకూడదు. ఓజనామ్ నలభై ఏళ్లకే, 1853లో పోయాడు. 1997లో పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ని ధన్యుడిగా, అంటే పునీతుడికి ఒక మెట్టు కిందగా, ప్రకటించారు.

ఒక ప్రశ్నకి జవాబు దొరక్క పుట్టిన సంస్థ కోసం క్విజ్ పెడుతున్నాం అనే ముచ్చట నాకు తెగ నచ్చి, మైకులో చెబుదామనుకున్నాను. చెప్పాను కూడా. ఆ సమయానికి జనం ఫోన్లు బుట్టలో వేయడానికి లైన్లో నిలబడి సణుక్కుంటున్నారు, ఎవరూ వినలేదు.

ఏర్పాట్ల గురించి తొందరగా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. టేబుల్‌కి ఎనిమిది మంది, ప్రవేశ రుసుం టేబుల్ లెక్కన. పది రౌండ్లు, రౌండుకి పది ప్రశ్నలు. ఒక్కో టేబుల్‌కి ఒకే జవాబు కాగితం, ఒకే పెన్ను. ఈ ఒకే పెన్ను నా పట్టుదల. రెండు పెన్నులుంటే తెలివైనవాడు ఒకడు మూల కూర్చుని అన్నీ రాసేస్తాడు. ఒకటే ఉంటే అది చేతులు మారుతుంది, మారాలంటే మాట్లాడుకోవాలి. రౌండు అవగానే పిల్లలు పరుగెత్తి కాగితాలు తెచ్చి దిద్దేవాళ్లకి ఇస్తారు.

అసలు డబ్బు రుసుంలో రాదు, చిల్లర ఆటల్లో వస్తుంది. ములిగన్ స్టిక్కర్లని ఉంటాయి. ముందే కొనుక్కుని, జవాబు తెలియని చోట అతికిస్తే ఆ మార్కు వచ్చేస్తుంది. క్విజ్‌ని ప్రాణంగా చూసే మనిషిగా నాకది పచ్చి లంచంలా అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. టేబుల్‌కి ఇన్నే అని పరిమితి పెట్టించి ఊరుకున్నాను. విరామంలో బొమ్మా బొరుసూ ఆట. హాల్లో అందరూ లేచి నిలబడతారు, బొమ్మ అనుకుంటే చేతులు తలమీద, బొరుసు అనుకుంటే నడుంమీద. నాణెం ఎగరేస్తారు, తప్పినవాళ్లు కూర్చుంటారు. ఒక్క ప్రశ్నకీ నోరు విప్పని తాతగారు ఒకరు అందులో చివరిదాకా మిగిలారు. ఆయన మనవరాలు కుర్చీ ఎక్కి అరిచిన అరుపు నా మైకు కంటే గట్టిగా వినపడింది.

కమిటీలో పెద్ద గొడవ మాత్రం ప్రశ్నల గురించి కాదు. సాయం అందుకున్న ఒక కుటుంబాన్ని స్టేజీ మీదికి పిలిచి రెండు మాటలు చెప్పిస్తే జనం మనసు కరుగుతుంది, డబ్బు రెట్టింపు వస్తుందని ఒక కుర్రాడు అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. లెక్క కూడా బహుశా కరెక్టే. మాస్టారు మెత్తని మనిషి, ఆ రోజు మాత్రం బల్ల మీద అరచెయ్యి ఆనించి, "వాళ్ల ఇంటికి మనం వెళ్తాం గానీ, వాళ్లని మన స్టేజీకి పిలవం బాబూ" అన్నారు. అంతే, మరి చర్చ లేదు. వీడియో తీసి మొహం మసకగా చూపిద్దామన్న సలహా కూడా అక్కడే ఆగిపోయింది.

దాని బదులు నాలుగో రౌండు తర్వాత ఆయనే లేచి ఒక కాగితం చదివారు. పేర్లు లేవు, కథలు లేవు, పద్దులు మాత్రమే. ఇంటి అద్దె. కరెంటు బిల్లు. షుగర్ మందులు. స్కూలు ఫీజు. ఒక అంత్యక్రియల ఖర్చు. కుట్టుమిషను రిపేరు. నాకు కుట్టుమిషను దగ్గర గొంతు పట్టేసింది, ఎందుకో అడక్కండి. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆ కాగితంలో పద్దు అయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లూ టేబుల్ రుసుం కట్టి, పక్కవాడితో పెన్ను కోసం కొట్లాడుతూ ఉంటారు. ఎవరన్నది మాస్టారికి తెలుసు, నాకు తెలియదు. తెలియకపోవడమే దీని అందం.

ఇక మూడు దేశాల ప్రశ్న. ముందువరస టేబుల్ ఒకటి నాకు చేతికందే దూరంలో ఉంది, వద్దన్నా వినిపిస్తోంది. పెన్ను పట్టుకున్న పెద్దావిడ ఎవరినీ అడక్కుండా 'వాటికన్' అని రాసి కింద గీత కూడా గీసేసింది. ఆ తర్వాత నిశ్శబ్దం. నేపాల్ అన్నారొకరు, దానికి పైన చైనా ఉంది కదా అన్నారు ఇంకొకరు. అప్పుడు పన్నెండేళ్ల పిల్లాడు కాగితం అంచున దక్షిణాఫ్రికా బొమ్మ గీసి, మధ్యలో ఒక చిల్లు పెట్టాడు. "ఇక్కడ ఒక చిల్లుంటుంది నాన్నా, మ్యాపులో చూశా." వాళ్ల నాన్న "అది చెరువేమోరా" అన్నాడు. "చెరువైతే నీలంరంగు వేస్తారు కదా, దీనికి వేరే రంగేశారు" అన్నాడు వాడు. వాడికి పేరు గుర్తురాలేదు, చిల్లు మాత్రమే గుర్తుంది. పేరు ఆ టేబుల్ చివర కూర్చున్న సిస్టర్ గారు అందించారు, లెసోతో అని. సాన్ మారినో వాళ్లకి తట్టలేదు, అదీ వాటికన్‌లాగే ఇటలీ మధ్యలోనే ఉన్నా. రెండు మార్కులు వచ్చినందుకే వాడి వీపు మీద పడిన చరుపులు చూసి, మాంట్రియల్ ప్రశ్న తీసేయించిన మాస్టారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

దానధర్మాల రౌండ్ ఒకటి పెట్టాను, అన్ని మతాలవీ కలిపి. సిక్కులు సంపాదనలో దస్వంధ్‌గా ఇచ్చేది ఎన్నో వంతు? పదో వంతు. దాచుకున్న సొమ్ము మీద జకాత్ ఎంత? రెండున్నర శాతం. ఇక్కడ చిన్న రభస. ఒక టేబుల్ వాళ్లు 'నలభయ్యో వంతు' అని రాశారు, దిద్దే కుర్రాడు తన దగ్గరున్న జవాబులో 2.5 అని చూసి ఇంటూ కొట్టేశాడు. ఆ టేబుల్ నుంచి ఒకాయన నవ్వుతూ వచ్చి, "ప్రతి ఏడూ కడుతున్నానమ్మా, నా జవాబే తప్పంటే ఎలా" అన్నారు. రెండూ ఒకటేనని లెక్క చేసి చూపించి మార్కు వేయించాం. మొదటి నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న ఇద్దరిలో రెడ్ క్రాస్‌కి కారకుడెవరన్నది ఆఖరి ప్రశ్న. 1901, హెన్రీ డ్యునాన్. ఆయన వ్యాపారంలో దివాలా తీసి, హైడెన్ అనే చిన్న స్విస్ ఊరి ఆసుపత్రిలో చివరి ఏళ్లు గడిపాడని జవాబుతోపాటు చెప్పాను. ఆ తర్వాత స్టిక్కర్లు మళ్లీ అమ్ముడయ్యాయి. దీనికీ దానికీ సంబంధం ఉందని నేను అనను.

శుక్రగ్రహం ప్రశ్న గురించి కూడా చెప్పాలి, ప్రశ్నలు రాసేవాళ్ల కోసం. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి, సూర్యుడి చుట్టూ తిరగడానికి పట్టే కాలంలో ఏది ఎక్కువ? మొదటిదే, 243 భూమి రోజులు. రెండోది 225. దీన్ని చాలామంది 'శుక్రుడి మీద రోజు ఏడాది కంటే పెద్దది' అని అడిగేస్తారు. అలా అడిగితే చిక్కు, ఎందుకంటే అక్కడ ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 117 రోజులే. నేను 'రోజు' అన్న మాటే వాడలేదు. అయినా ఒక ఫిజిక్స్ టీచరమ్మ విరామంలో పోట్లాటకి వచ్చింది. నా కాగితం చూపించాను. చదివి, ఒక్క క్షణం ఆగి, "మీరు లాయరా?" అంది. ఆ రాత్రి నాకొచ్చిన పెద్ద మెచ్చుకోలు అదే.

చివర్లో రెండు టేబుళ్లు సమానంగా నిలిచాయి. ఇలాంటప్పుడు దగ్గరి అంకె ఎవరు చెబితే వాళ్లదే గెలుపు. ఐఫిల్ టవర్ పైదాకా మెట్లెన్ని అని అడిగాను. అసలు లెక్క 1,665. ఒక టేబుల్ వాళ్లు బుద్ధిగా ఎత్తుని మెట్టు ఎత్తుతో భాగించి, చివర్లో గుండ్రంగా 1,500 అన్నారు. రెండో టేబుల్ వాళ్లు 1,789 అన్నారు. ఎలా వచ్చిందయ్యా అంటే, ఆ టవర్ కట్టింది ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లయిన సందర్భంగా కదా, కాబట్టి మెట్లు 1789 పెట్టే ఉంటారట. తర్కం అడ్డంగా తప్పు. అంకె మాత్రం దగ్గర. భాగహారం చేసినవాళ్ల మొహాలు చూడాల్సింది.

డబ్బు లెక్క మాస్టారు మర్నాడు ఫోన్ చేసి చెప్పారు. పోయినేడు లక్కీ డ్రా చీటీలు ఇల్లిల్లూ తిరిగి అమ్మితే వచ్చినదానికంటే బాగా ఎక్కువే వచ్చింది. అందులో పెద్ద వాటా ఆ లంచం స్టిక్కర్లదే. వచ్చే ఏడాది పరిమితి ఎత్తేద్దామా అని ఆయన అడిగారు, ఆలోచించి చెబుతానన్నాను. నా వైపు నుంచి రౌండ్లు పది కాదు, ఎనిమిది చాలని చెప్పాను. తొమ్మిదో రౌండుకే చిన్నపిల్లలు కుర్చీల్లో నిద్రపోయారు.

గెలిచిన టేబుల్‌కి బహుమతి ఏమిటంటే, వచ్చే ఏడాది ఒక రౌండు ప్రశ్నలు వాళ్లే రాయడం. ఇదీ మాస్టారి ఆలోచనే. పది ప్రశ్నలూ అప్పుడే పంపేశారు. పదీ ఫ్రెంచి విప్లవం మీదే. ఆరు కొట్టేసి తిరిగి పంపాను, ఇప్పుడు ఫోన్లో బేరం నడుస్తోంది.