నెమ్ము అని చెప్పాం

మొన్న రైతుబజార్లో మా కాలేజీలో ఇదివరకు పనిచేసిన తెలుగు మేడమ్ కనబడ్డారు. "మీకు నెమ్ము చేసిందని విన్నానండీ, ఇప్పుడు కులాసాయేనా?" అన్నారు. "నెమ్ము కాదండీ, టీబీ. ఆరు నెలలు మందులు వాడాను, తగ్గిపోయింది" అన్నాను. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కాళ్ళు మాత్రం ఒక అడుగు వెనక్కి వెళ్ళాయి. చేతిలో ఉన్న ములక్కాడల కట్ట మా ఇద్దరి మధ్యకీ వచ్చింది, పాపం.

ఈ 'పాపం' అన్న మాట కావాలనే వాడాను. దాని సంగతి ముందుకెళ్ళాక చెప్తాను.

దసరా సెలవుల్లో మొదలైంది దగ్గు. ముప్పై ఏళ్ళు సుద్దముక్కల పొడి పీల్చినదాన్ని, దగ్గుని ఒక లెక్కలోకి ఎప్పుడు తీసుకున్నాను కనక! మిరియాల కషాయం, వీధి చివరి ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షను, రెండు విడతల యాంటీబయాటిక్స్. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లవారుజామున చెమటకి దిండు తడిసేది. జాకెట్లు వదులైతే స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకున్నారు కూడా, "ఏం డైటింగ్ మేడమ్, మాకూ చెప్పండి" అని. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించుకోవాలని సర్కారు ఆసుపత్రుల గోడల మీద రాసే ఉంటుంది. అక్షరాలు చదివించి జీతం తీసుకునేదాన్ని, ఆ గోడ మాత్రం చదవలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఎక్స్‌రే, తర్వాత సీటీ. అవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి అయిదు నిమిషాల గురించి. డాక్టరు కుర్రవాడు. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. కంప్యూటర్ వైపే చూస్తూ, "మీతో మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు. "నేనే వచ్చాను, నాకే చెప్పండి" అన్నాను. "సార్‌ని తీసుకుని రండమ్మా, అప్పుడు మాట్లాడదాం. కళ్ళె మాత్రం ఇచ్చి వెళ్ళండి." నేను ఫైలు సంచీలో సర్దుకుంటూ ఉండగానే ఫోనెత్తి ఎవరితోనో అన్నాడు: "ఆఁ, కుడివైపు పైన. మాస్ లాగే ఉంది. టీచరట, పాపం."

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి దగ్గర ఇలాంటి వాక్యం పారేసి వెళ్ళకూడదు. ఇంటికొచ్చే ఆటోలోనే దాన్ని ముక్కలు చేయడం మొదలెట్టాను. 'మాస్' అంటే మనకి సినిమా. హీరో తొడ కొడితే మాస్. ఊపిరితిత్తిలో మాస్ అంటే ఏమిటో ఫోన్లో వెతికితే మొదటి పేజీ నిండా కేన్సరే. తర్వాత 'లాగే'. క్లాసులో నేనే చెప్తాను, లాగా అంటే ఉపమ, ఆ లాగా తీసేస్తే రూపకం అని. అతను చెప్పింది ఉపమే. కానీ ఆటో మా వీధి మలుపు తిరిగేసరికి ఆ 'లాగే' ఎక్కడో జారిపోయింది. ఇంట్లోకి రూపకంతోనే అడుగుపెట్టాను.

ఇక పాపం. చేసిన తప్పుకీ, చూపించే జాలికీ తెలుగులో ఒకటే మాట. అన్నవాడు జాలిపడ్డాడని బుద్ధికి తెలుసు. విన్నదానికి మాత్రం, నేనేం చేశానని ఇది నాకు, అన్న రెండో అర్థమే పట్టుకుంది. అతని మీద ఇప్పటికీ కోపం పోలేదు. పోవాలని కూడా నేను ప్రయత్నించడం లేదు.

కళ్ళె పరీక్ష రిపోర్టుకి రెండు రోజులన్నారు. మొదటి రాత్రే జరిగింది. ఒంటిగంట దాటాక దగ్గు తెర ఒకటి వచ్చి ఆగలేదు. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి ఉమ్మితే తెల్లటి పింగాణీ మీద ఎర్రగా, నురుగుతో. అంత ఎరుపు నా జన్మలో చూడలేదు. కుళాయి తిప్పి కడిగేశాను. మా ఆయన లేవకముందే కడిగెయ్యాలన్నదే అప్పుడు నా ఆలోచన. రెండోసారి వచ్చేసరికి ఆయన వెనకే నిలబడి ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి స్టీలు గిన్నెలో పెట్టి చేతికిచ్చారు. రక్తం పడితే ఐసు చప్పరించాలని వాళ్ళమ్మ చెప్పేదట. అది వైద్యమో కాదో గానీ చల్లగా ఉంది.

(అలా రక్తం పడితే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మేం వెళ్ళలేదు. మీరు అలా చేయకండి.)

పడుకుంటే దగ్గు తిరగబెడుతుందని హాల్లో కుర్చీలో కూర్చున్నాను. ఆ ఐసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉండగా అమెరికాలోని వాల్డెన్ చెరువు గుర్తుకొచ్చింది. 1846-47 చలికాలంలో ఆ చెరువు మీద మంచుగడ్డలు కోశారు. అలాంటి మంచు ఓడల్లో మద్రాసు, కలకత్తాల దాకా వచ్చేది. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఉక్కపోతకి అల్లాడే జనం నా బావి నీళ్ళు తాగుతారని ఆ చెరువు గట్టున ఒంటరిగా బతికి 'వాల్డెన్' పుస్తకం రాసిన అమెరికన్ రచయిత థోరో మురిసిపోతూ రాసుకున్నాడు. లేచి అలమార అడుగున వెతికితే పుస్తకం దొరికింది. 1993లో ఎంఫిల్ కోసం ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్లో నెల రోజులున్నప్పుడు తీయించుకున్న జిరాక్సు కాగితాలు, వాటితోపాటు అతని ఉత్తరాలు కొన్ని.

నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు థోరో అంటే కొంచెం చిరాకే. 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లతో ఇల్లు కట్టుకుని రెండేళ్ళ రెండు నెలలు ఉన్నాడు సరే, ఆ నేల స్నేహితుడు ఎమర్సన్‌ది. పుట్టిల్లు నడిచి వెళ్ళేంత దూరం. అమ్మ చేతి వంట ఎటూ పోలేదు. ఎలా బతకాలో మనకి పాఠం చెప్పడం మాత్రం పుస్తకం నిండా. పెళ్ళీ, పిల్లలూ, అత్తగారి మోకాళ్ళ నొప్పులూ లేని మనిషికి సాదాగా బతకడం ఏమంత గొప్ప, అని మార్జిన్లో పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను. ఆ రాత్రి ఆ పెన్సిల్ రాతే ముందు కనబడి సిగ్గేసింది.

ఎందుకంటే ఆ మనిషి పోయింది ఊపిరితిత్తుల జబ్బుతోనే. 1860 డిసెంబరులో నరికిన చెట్ల మొదళ్ళ మీద వలయాలు లెక్కపెడుతూ చలిలో తిరిగి జలుబు తెచ్చుకున్నాడు. అది దిగి క్షయని లేపింది. గాలి మార్పు కోసం మరుసటేడు మిన్నెసోటా దాకా వెళ్ళొచ్చాడు, గుణం కనపడలేదు. 1862 మే 6న పోయాడు. వయసు 44. ఆ క్రిమిని జర్మన్ డాక్టరు కోహ్ కనుక్కున్నది 1882లో, అంటే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా.

పోవడానికి ఆరు వారాల ముందు చెల్లెలు సోఫియా చేత రాయించిన ఒక ఉత్తరం ఉంది. ఇంక ఎన్నో నెలలు బతకననుకుంటున్నాను, అయితే దాని గురించి నాకేమీ తెలియదనుకోండి, అంటాడందులో. బతుకుని ఎప్పట్లాగే ఆస్వాదిస్తున్నాననీ, దేనికీ చింత లేదనీ ఆ వెంటనే చేరుస్తాడు.

ఎంఫిల్ రోజుల్లో ఈ వాక్యం కింద గీత గీయలేదు నేను. ఆ రాత్రి ఎన్నిసార్లు చదివానో. 'అనుకుంటున్నాను' అన్నచోట అనుకుంటున్నాననే అన్నాడు. తెలియనిచోట తెలియదన్నాడు. చావు గుమ్మంలో ఉన్నా మాటని ఒక్క గింజ ఎక్కువ తూచలేదు. నా దగ్గరున్నదీ అంతే కదా! ఒక నీడ, ఒక 'లాగే'. దాని గురించి నాకేమీ తెలియదనుకోండి, అని నా అంతట నేనే పైకి అన్నాను. సోఫాలో కునుకుతున్న మా ఆయన లేచి, "ఏమన్నావ్?" అన్నారు. "లాగే అన్నాడండీ, అదేనని అనలేదు" అన్నాను. ఆయనకేం అర్థమవుతుంది! మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను తెల్లవార్లూ కూర్చునే ఉన్నాను. రక్తం మళ్ళీ పడలేదు.

రెండో రోజు సాయంత్రం టీబీ అని తేలింది. మందుల కోసం సర్కారు టీబీ సెంటరుకి పంపారు. అక్కడ చెక్క బల్ల వెనక ఒకావిడ. మా గోదావరి యాసలో, తల పైకెత్తి నా కళ్ళలోకి చూసి చెప్పింది: "టీబీ అండి. క్షయ. మందులు మేమే ఇత్తాం, డబ్బులక్కర్లేదు. ఆర్నెల్లు. బాగుందని మజ్జలో మానేత్తే మాత్రం మొండిదైపోద్ది. రేపట్నుంచి మూత్రం నారింజ రంగులో వత్తది, అది మందు రంగు, కంగారు పడకండి." నాలుగైదు చిన్న వాక్యాలు. అందులో అక్కర్లేని మాట ఒకటి లేదు, ఉండాల్సిన మాట ఒకటి తగ్గలేదు. మర్నాడు బాత్రూములో ఆ రంగు చూసినప్పుడు ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఒక్క ముక్క ముందుగా చెప్పకపోయుంటే నాకు ఇంకో రాత్రి అలాంటిదే గడిచేది.

క్షయ అని విని సంతోషించిన మనిషిని నేనే అయ్యుంటాను. "టీబీయేనటండీ!" అని నవ్వుతూ చెప్తే మా ఆయన మొహం మాడిపోయింది. అమ్మాయికి కాకినాడ సంబంధం మాటల్లో ఉంది అప్పటికి. "నెమ్ము అని చెబుదాం" అన్నారు. అంతే, ఊరంతా నెమ్మయింది. బంధువులకి నెమ్ము, కాలేజీకి నెమ్ము, పనిమనిషికి నెమ్ము. ఇంట్లో అసలు పేరు ఎత్తాల్సొస్తే 'అది'. నాకొచ్చిన జబ్బుకి నా ఇంట్లో పేరు లేకుండా పోయింది. దాని మీద మేం పోట్లాడుకున్నంత మరి దేని మీదా పోట్లాడుకోలేదు.

అలాగని ఆయన్ని ఆడిపోసుకోను. రోజూ పొద్దున్నే పరగడుపున మూడు మాత్రలూ అరచేతిలో పెట్టి, మింగేదాకా కదలకుండా నిలబడింది ఆ మనిషే. వాంతి వస్తుందని నేను మారాం చేస్తే క్యాలెండరు మీద కొట్టేసిన రోజులు చూపించేవారు. మందులతో లివరు దెబ్బతింటుందేమోనని నా కళ్ళు పచ్చబడ్డాయో లేదో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేవారు. పోషకాహారానికని నెలకి 1,000 రూపాయలు సర్కారు బ్యాంకులో వేస్తే, నీ సంపాదనే అంటూ గుడ్లూ పల్లీలూ తెచ్చేవారు. పేరు పలకడమొక్కటే ఆయన వల్ల కాలేదు.

పేరు తెలుసుకున్నవాళ్ళు ఎలా ఉన్నారో అదీ చెప్పాలి. మా తోటికోడలికి మాత్రం నిజం చెప్పాం. వాళ్ళింటికి వెళ్తే కాఫీ స్టీలు గ్లాసులో ఇచ్చింది. తాగి బోర్లిస్తే అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. గుర్తు! అప్పటికి మందు మొదలెట్టి మూడు నెలలు దాటింది, కళ్ళెలో క్రిమి లేదని తేలింది కూడా. ఈ జబ్బు దగ్గినప్పుడు గాలిలోంచి అంటుకోవాలే గానీ గ్లాసుల్లోంచి రాదు. ఆవిడతో ఆ మాట అనలేదు. ఇక్కడ అంటున్నాను.

థోరోని చివరి రోజుల్లో, తల్లి తోడబుట్టిన ఆవిడ, దేవుడితో సమాధానపడ్డావా అని అడిగిందట. మేమిద్దరం ఎప్పుడైనా పోట్లాడుకున్నట్టు నాకు తెలియదే, అన్నాడట. నేనంత పెద్దమనిషిని కాను. ఆ ఆరు నెలలూ దేవుడితో బాగానే పోట్లాడాను. మందులయ్యాక అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకుని, ప్రసాదం తిని రాజీపడ్డాను. చదువుకున్నదానివి నీకిదేంటి అని మా అమ్మాయి నవ్వింది. నవ్వుకోనీ. మొక్కు మొక్కే, మాత్ర మాత్రే. ఒకదాని బదులు ఇంకోటి వేసుకోలేదు నేను. మీకెవరికైనా ఇది వస్తే మాత్రలు మానకండి. రిపోర్టు మీద ఉన్న పేరు డాక్టరు చేత ఒక్కసారి నోటితో చెప్పించుకోండి.

ఖాళీగా ఉన్న ఆ నెలల్లో వాల్డెన్ రెండో అధ్యాయాన్ని తెలుగులోకి తెద్దామని కూర్చున్నాను. అడవికి ఎందుకు వెళ్ళాడో చెప్పే వాక్యం దగ్గరే బండి ఆగింది. 'డెలిబరేట్లీ' బతుకుదామని వెళ్ళానంటాడు. ఉద్దేశపూర్వకంగా అంటే పోలీసు కేసులా ఉంది. బుద్ధిపూర్వకంగా అన్నా అదే వాసన. ఎరుకతో అంటే స్వాములవారి ప్రవచనం. నిఘంటువు తిరగేస్తే దాని వేరు లాటిన్లో త్రాసు. తూచడం!

ఆ నెల సెంటరుకి వెళ్ళినప్పుడు ఆవిడ ఎప్పటిలాగే, "చెప్పులిప్పి ఎక్కండి మేడం" అంది. మాత్రల లెక్క ఒంటి బరువుని బట్టి కాబట్టి ప్రతి నెలా తూకం ఉంటుంది. జనవరిలో 41 కిలోలు. ముల్లు ఊగి ఊగి 44 దగ్గర నిలిచింది. ఆవిడ రాసుకుంటూ ఉంటే నాకు 'ఆచితూచి' తట్టింది. ఆచితూచి బతుకుదామని అడవికి వెళ్ళాను. మెషిను మీద నిలబడే ఉన్నాను. "దిగండి మేడం, వెనక జనం ఉన్నారు" అనేదాకా.

ఇంటికొచ్చి రాసుకుని చూస్తే మళ్ళీ అనుమానం. ఆచితూచిలో తూకం ఉంది, భయం కూడా ఉంది. ఆచితూచి అడుగేసేవాడు అడవికి వెళ్ళడు, అల్లుడి ఊళ్ళో స్థలం కొంటాడు. వట్టి 'తూచి' అంటే భయం పోతుంది గానీ వాక్యం కుంటుతుంది. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ రాతప్రతుల్లో ఇలా తేలని మాట పక్కన ఒక + గుర్తు ఉంటుంది, దానికి బదులు అనుకున్న మాటలు కాగితం అడుగున ఉంటాయి. కొన్నింటిని ఆవిడ అలాగే వదిలేసింది.

కాకినాడ సంబంధం ఖాయమైంది, శ్రావణంలో ముహూర్తం. కాబోయే వియ్యపురాలికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "మా మామగారికీ వచ్చిందండీ, మేం ఆస్తమా అని చెప్పేవాళ్ళం" అందావిడ. మా ఆయన పక్కగదిలోంచి వింటూనే ఉన్నారు, ఏమీ అనలేదు. నేను మళ్ళీ కాగితాల ముందు కూర్చుని ఆచితూచి పక్కన పెన్సిల్‌తో + పెట్టి, కింద తూచి అని రాసి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళాను.